మౌనానికి స్లాటు లేదు

జులై 26 దగ్గరపడితే లింగంపల్లి అపార్టుమెంట్లకు హఠాత్తుగా దేశభక్తి పూనుతుంది. కార్గిల్ దివస్‌ను న్యూ ఇయర్ పార్టీకీ దాండియా నైటుకీ మధ్య ఇరికించేసిన కల్చరల్ కమిటీలు టవరుకొకటి మొలిచాయి. అలాంటి ఒక కమిటీ కార్యదర్శికి క్లబ్‌హౌస్‌లో ఒక రిటైర్డ్ సుబేదారు దొరికాడు. ఎవరు ఎవరికి దొరికారో మీరే తేల్చుకోండి. సుబేదారుది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు.

కార్యదర్శి: అంకుల్, ఈసారి మామూలుగా ఉండదు! సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారకానికి రెండు బస్సులు వేస్తున్నాం.

సుబేదారు: మంచిపని బాబూ. అక్కడేం చేస్తారు?

కార్యదర్శి: టిఫిను, గ్రూప్ ఫొటో, పుష్పగుచ్ఛం, డ్రోన్ షాట్, ముప్పై సెకన్లు మౌనం.

సుబేదారు: మౌనం రెండు నిమిషాలు కదా?

కార్యదర్శి: రీలు ముప్పై సెకన్లే అంకుల్. మిగతా తొంభై సెకన్లు ఎవరు చూస్తారు?

సుబేదారు: కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీదికి కుర్రాళ్లు చీకట్లో రాత్రంతా ఎక్కారయ్యా. వాళ్లకోసం రెండు నిమిషాలు నిలబడలేరా?

కార్యదర్శి: సరే, మీ మాట కాదనలేను. నలభై అయిదు చేద్దాం. బోరు కొట్టకుండా వెనకాల సన్నగా వయొలిన్ పెడతాం.

సుబేదారు: మౌనంలో వయొలినా!

కార్యదర్శి: యాంకరమ్మాయి కూడా ఉంది. ‘ఫ్రెండ్స్, ఇంకా ఇరవై సెకన్లే, సూపర్‌గా చేస్తున్నారు’ అని ఎంకరేజ్ చేస్తుంది.

సుబేదారు: బాగా మౌనం పాటించినవాళ్లకి బహుమతి కూడా ఇవ్వకపోయారా?

కార్యదర్శి: (నోట్ చేసుకుంటూ) పిల్లల కేటగిరీ విడిగా పెట్టొచ్చు.

సుబేదారు: ఒరే నాయనా, ఆ పెన్ను పక్కన పెట్టి విను. పుష్పగుచ్ఛం ఉంచాక బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ ఊదుతారు. కాపలాల తనిఖీ పూర్తయింది, ఇక రాత్రికి విశ్రాంతి అని బ్రిటిష్ శిబిరాల్లో ఊదిన పిలుపు అది. జవాన్లు తుపాకీ గొట్టం కిందికి తిప్పి తల వంచుతారు. దాన్ని శోక్ శస్త్ర్ అంటారు. ఆ తర్వాత మౌనం. మళ్లీ బ్యూగిల్ మోగేదాకా కదలకూడదు, దగ్గొచ్చినా ఆపుకోవాలి. చప్పట్లు అసలే కొట్టకూడదు.

కార్యదర్శి: చప్పట్లు లేకపోతే అయిపోయిందని జనానికి ఎలా తెలుస్తుంది?

సుబేదారు: నీకు ఎప్పటికీ తెలియదులే. ముందు వరస ఎవరికి?

కార్యదర్శి: ప్లాటినం స్పాన్సర్‌కి. ప్లైవుడ్ కంపెనీ.

సుబేదారు: అమరుల కుటుంబాలకి?

కార్యదర్శి: వాళ్లకి శాలువా స్లాటు ఇచ్చాం అంకుల్. నాలుగు నిమిషాలు!

సుబేదారు: మేజర్ పద్మపాణి ఆచార్య పేరు విన్నావా? హైదరాబాదు ఇంటి బిడ్డ. 1999 జూన్ 28న లోన్ హిల్ మీద ప్రాణమిచ్చాడు. మహావీర చక్ర.

కార్యదర్శి: ఏ టవర్ అంకుల్?

(సుబేదారు కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రోజు క్లబ్‌హౌస్‌లో పాటించిన మౌనం అదొక్కటే.)

కార్యదర్శి: అన్నట్టు, డ్రెస్ కోడ్ అదిరింది. మూడొందల కామోఫ్లాజ్ టీషర్టులు ఆర్డరిచ్చాం.

సుబేదారు: వెనక్కి పంపెయ్. 2016లో పఠాన్‌కోట్ దాడి తర్వాత సైన్యమే అడిగింది, మా కంబాట్ డిజైను బట్టలు మీరు వేసుకోవద్దు, దుకాణాల్లో అమ్మొద్దు అని. శుభ్రమైన చొక్కా చాలు.

కార్యదర్శి: సెల్యూట్ అయినా కొట్టనివ్వండి! కెమెరా వైపు, స్లో మోషన్‌లో...

సుబేదారు: టోపీ లేకపోతే మన జవానే సెల్యూట్ కొట్టడు, అటెన్షన్‌లో నిలబడతాడు. మీ సినిమా హీరో మాత్రం జెల్లు రాసిన జుట్టుతో కొడతాడు, గాలికి ఆ జుట్టు ఎగురుతుంది కూడా. సరే, సెల్యూట్ ఎలా ఉంటుందో చూడాలంటే మన గేటు దగ్గరికి వెళ్లు.

కార్యదర్శి: సెక్యూరిటీ దగ్గరికా?

సుబేదారు: అతను మాజీ హవల్దారు. రోజూ పొద్దున నీ కారు రాగానే టోపీ సర్దుకుని, మోచెయ్యి భుజానికి సమంగా ఎత్తి కొడతాడు. నువ్వు ఎప్పుడైనా అద్దం దించావా?

కార్యదర్శి: ఏసీ వేసి ఉంటుంది కదంకుల్. అయినా ఆ టైమ్‌కి కాల్‌లో ఉంటాను. కావాలంటే ఈవెంట్‌కి అతన్నీ పిలుద్దాం.

సుబేదారు: అతిథిగానా?

కార్యదర్శి: పార్కింగ్ చూసుకోవడానికి.

సుబేదారు: బాబూ, నువ్వు పరేడ్ గ్రౌండ్స్‌కి వెళ్లకు. ఆఫీసులోనే ఉండు. ఏటా జనవరి 30న ఉదయం పదకొండింటికి దేశమంతా అమరుల కోసం రెండు నిమిషాలు మౌనం పాటించాలని కేంద్ర హోంశాఖ ఉత్తర్వు. బస్సు అక్కర్లేదు, స్పాన్సరూ అక్కర్లేదు. ఆ టైమ్‌కి మీకేముంటుంది?

కార్యదర్శి: స్టాండప్ మీటింగ్.

సుబేదారు: ఇంకేం! లేచి నిలబడండి.

కార్యదర్శి: స్టాండప్‌లో ఎవరూ నిలబడరు అంకుల్. అందరం కూర్చునే ఉంటాం.