ఒక్కరోజు ఆసుపత్రి

నర్సింగ్ కోర్సును బేరీజు వేయడం తెలుగునాట ఒక ప్రత్యేక శాస్త్రంగా వర్ధిల్లుతున్నది. అందులో విద్యార్థిని చేతుల కన్నా గోడల సున్నానికే మార్కులు ఎక్కువ. ఇంటర్ పూర్తయిన కూతురికి జీఎన్‌ఎం సీటు చూడాలని చుండూరులో రైలెక్కి తెనాలికో గుంటూరుకో పోయే తండ్రికి ఈ శాస్త్రపు తొలిపాఠం ఫ్లెక్సీలే చెబుతాయి: నూరు శాతం ఉద్యోగం, ఆపైన విదేశం. జీఎన్‌ఎం అంటే సాధారణ నర్సింగును, ప్రసూతి సేవలను కలిపి మూడేళ్లలో నేర్పే డిప్లొమా. అమెరికాలోని రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ దీనికి దగ్గరిది. ఆ నూరు శాతంలో ఏ ఉద్యోగం, ఎంత జీతం అని అడగడం మాత్రం శుభమా అని సీటు కొనబోతూ పలకకూడని మాట.

1947 నాటి చట్టంతో ఏర్పడిన భారతీయ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు చదివితే ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. పదిమంది విద్యార్థులకు ఒక బోధకురాలుండాలి, ఒక్కొక్కరికి ముగ్గురు రోగులుండాలి, పేరెంట్ హాస్పిటల్‌లో, అనగా యాజమాన్యపు సొంత ఆసుపత్రిలో, కనీసం 75 శాతం పడకలు నిండి ఉండాలి. బోధకులను కాగితం మీద నియమించుకోవచ్చు గాని రోగం రాని మనిషిని పడుకోబెట్టడం కొంత ప్రయాసతో కూడిన పని. తనిఖీ కబురు ముందే అందే సంస్థల్లో ఆ ప్రయాసకూ వెరవరు. నిన్నటిదాకా తాళం పడి ఉన్న వార్డులో మడతల గీతలైనా పోని కొత్త దుప్పట్లు పరుచుకుంటాయి; మంచం మీది మనిషి చేతికి ప్లాస్టరు ఉంటుంది గాని దాని కింద సెలైన్ ఎక్కించే కాన్యులా ఉండదు; కేస్‌షీటులో నాలుగు రోజుల జ్వరం, పగలూ రాత్రీ తేడా లేకుండా, ఒకే సిరాతో ఒకే చేతిరాతలో ఎక్కి దిగుతుంది. అధికారులు భోంచేసి వెళ్లాక రోగులందరికీ ఒకేసారి నయమవుతుంది.

మధ్యప్రదేశ్ ఈ విద్యలో మరింత ముందుకు పోయింది. అక్కడి నర్సింగ్ కళాశాలల అసలు రంగు తేల్చమని హైకోర్టు సీబీఐకి అప్పగిస్తే, అనుకూల నివేదికకు లంచం పుచ్చుకున్నారన్న ఆరోపణపై 2024 మేలో ఆ సీబీఐ తన ఇన్‌స్పెక్టరునే అరెస్టు చేసుకోవలసి వచ్చింది. ఫ్లోరిడావారు అసలు మంచాలు పరిచే ఖర్చు కూడా పెట్టుకోలేదు. అక్కడ మూడు పాఠశాలల పేరిట 7,600కు పైగా బోగస్ నర్సింగ్ డిప్లొమాలు, మార్కుల పత్రాలు అమ్ముడుపోయాయని 2023 జనవరిలో అధికారులు ప్రకటించారు. కొన్నవారిలో దాదాపు మూడోవంతు మంది లైసెన్సు పరీక్ష కూడా గట్టెక్కారంటే, ఉత్తీర్ణతా శాతాన్ని చూపించి కోర్సు నాణ్యతను చాటుకునేవారి ధీమా ఏపాటిదో ఊహించుకోవచ్చు.

విచిత్రమేమిటంటే, అమెరికాలో ఆ నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ పుట్టినప్పుడు దాన్ని పరీక్షించిన పద్ధతి ఇంత ఆడంబరమైనది కాదు. అక్కడి నర్సింగ్ విద్యావేత్త మిల్డ్రెడ్ మాంటాగ్ 1951లో ఆ ఆలోచనను ముందుకు తెచ్చాక, 1952లో ప్రయోగాత్మకంగా కొన్ని కళాశాలల్లో మొదలుపెట్టి, చదువు ముగించినవారు వార్డులో ఎలా పనిచేస్తున్నారో హెడ్ నర్సులనే అడిగి తెలుసుకున్నారు. గుంటూరు పెద్దాసుపత్రిలోనైనా, తెనాలి ఆసుపత్రిలోనైనా ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసిన సిస్టరమ్మకు ఫలానా కాలేజీ పిల్లకు సెలైన్ పెట్టడం వచ్చో రాదో చెప్పడానికి పావుగంట చాలు, ఆమెను అడిగితే భోజనాల ఖర్చూ ఉండదు. బహుశా అందుకే అడగరు.

ప్రొసీజర్ బుక్, అనగా విద్యార్థిని స్వయంగా చేసిన పనుల పద్దు పుస్తకం, ప్రతిచోటా నిండుగానే ఉంటుంది. అందులో రాసిన కాన్పుల్లో అమ్మాయి చెయ్యివేసినవెన్ని, తలుపు దగ్గర నిలబడి చూసినవెన్ని అని చుండూరు తండ్రి అడిగినప్పుడు, జవాబు లేని యాజమాన్యం కాలేజీ బస్సు సంగతి ఎత్తుకుంటుంది. ఏసీ బస్సట.