అద్దాల బల్ల పద్యం: టీకా, తాత్పర్యం, కొంత తగాదా

అద్ద మెంత దైన నడుగుమా తొలుతగా
నెవరి యెత్తు దీని కెదుట నిలుచు;
వెలుగు మొగము పైన విరియునో లేదొకో
సొరుగు లెన్ని యైన సుఖము కలదె

అవతారిక: పెళ్లి కుదిరింది. సారెలో మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ పెట్టాలనుకున్నారు. మంచం కొలత అడిగారు, బీరువా రంగు అడిగారు. అద్దం ఎంత ఎత్తున ఉండాలో మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ సందర్భంలో, ఫర్నిచర్ దుకాణం రెండో అంతస్తులో, సేల్స్ కుర్రాడు వింటూ ఉండగా కవి ఈ ఆటవెలది చెప్పాడు. కవి ఎవరంటారా? మూలం దొరక్క టీకాకారుడే కట్టుకున్నాడు. మెదక్ జిల్లా కొలిచారం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. మనకా ప్రతిజ్ఞ లేదు.

టీక: అద్దము = అద్దముతో కూడిన బల్ల; ఎంతది ఐనన్ = దుకాణంలో చిన్నదిగా కనబడి, పడగ్గది గుమ్మం దగ్గరకొచ్చేసరికి లోపలికి పట్టనంత పెద్దదైనప్పటికీ; తొలుతగాన్ = ధర అడగడానికంటే ముందు; అడుగుమా = దుకాణదారును కాదు, వాడబోయే మనిషిని అడుగుము; దీనికి ఎదుట = దీని ముందర; ఎవరి ఎత్తు నిలుచు = ఎంత పొడుగు మనిషి నిలబడునో; వెలుగు = కిటికీ వెలుతురు గాని, లైటు గాని; మొగముపైన = అద్దం మీద కాదు, ముఖం మీదనే; విరియునో లేదొకో = పడునో పడదో; సొరుగులు ఎన్ని ఐనన్ = మూడున్నా ఆరున్నా; సుఖము కలదె = లేదని కాకువు.

తాత్పర్యం: మనిషి ఎత్తూ గదిలో వెలుతురూ చూసుకోకుండా, సొరుగులు లెక్కపెట్టి కొన్న అద్దాల బల్ల పదేళ్లు బాధిస్తుంది.

విశేషాలు. ‘ఎవరి యెత్తు’ అనడంలో కవి గణితం దాచాడు. నిలువెల్లా కనబడాలంటే మనిషి ఎత్తులో సగం అద్దం చాలు. 5 అడుగుల 4 అంగుళాల అమ్మాయికి 32 అంగుళాల అద్దం సరి. అయితే అది గోడకు ఎక్కడ పడితే అక్కడ ఉంటే కుదరదు. కళ్లు నేల నుంచి 60 అంగుళాల ఎత్తున ఉన్నాయనుకుంటే అద్దం కింది అంచు 30 దగ్గర, పై అంచు 62 దగ్గర ఉండాలి. అల్లుడు 5 అడుగుల 10 అంగుళాల వాడైతే అతని లెక్క 33 నుంచి 68. ఇద్దరికీ కలిపి 30 నుంచి 68 దాకా, అంటే 38 అంగుళాల అద్దం తీసుకోవాలి. లేకపోతే అతను జీవితాంతం మోకాళ్లు వంచి క్రాపు దువ్వుకుంటాడు.

పూర్వపక్షం: “చిన్న అద్దమైతేనేం, నాలుగడుగులు వెనక్కి జరిగితే మొత్తం కనబడుతుంది కదా” అని కొందరు. ఇది దుకాణాల్లో ఎక్కువగా వినిపించే మతం. సమాధానం: నిటారుగా నిలబెట్టిన అద్దం ముందు ఎంత వెనక్కి జరిగినా అంతే భాగం కనబడుతుంది. వెనక్కి జరిగేకొద్దీ మనిషి చిన్నగా అవుతాడు, అద్దమూ చిన్నగానే కనబడుతుంది, లాభం లేదు.

మరి అద్దం కింద బల్ల ఉంటే? ఇక్కడే అసలు చిక్కు. బల్ల 30 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల లోతు ఉండి, పైన చెప్పిన అమ్మాయి నాలుగడుగుల దూరంలో నిలబడిందనుకోండి. అద్దం ఎంత కిందికి దిగినా బల్ల అంచు అడ్డొచ్చి, పాదాల నుంచి సుమారు 15 అంగుళాల మేర కనబడదు. అంటే కుచ్చిళ్లు సమంగా దిగాయో లేదో, ఫాల్ బయటపడిందో లేదో, సరిగ్గా చూసుకోవలసిన ఆ జానెడున్నర చీరే కనబడదు. మంచానికీ బల్లకీ మధ్య ఆ నాలుగడుగులైనా ఉండని గదులే ఎక్కువ. అందుకే డ్రెస్సింగ్ టేబుల్ ఉన్న ఇళ్లలో కూడా ఆడవాళ్లు చివరికి బీరువా తలుపుకున్న నిలువుటద్దం ముందుకే వెళ్లి చీర సర్దుకుంటారు. బల్లకు ఒక పక్కగా, సొరుగుల్లేని చోట, అద్దం కిందిదాకా దిగే రకాలు ఉన్నాయి. చీర కట్టేవాళ్లకి అదే మేలు. కూర్చుని జడ వేసుకోవడం ప్రధానమైతే బల్ల ఉన్నదే మంచిది. రెండూ కావాలనేవారితో టీకాకారుడు వాదించడు.

‘వెలుగు మొగము పైన’: అద్దం చుట్టూ బల్బులు వెలిగించి “సినిమా వాళ్ల అద్దం సార్” అని చూపిస్తారు. అద్దానికి వెలుతురుతో పని లేదు, ముఖానికి ఉంది. కిటికీ మీ వీపు వెనక పడేలా బల్ల వేస్తే పట్టపగలు కూడా ముఖం నల్లగానే కనిపిస్తుంది. కిటికీ పక్క గోడకు వస్తే మంచిది. నెత్తిమీద ఒక్క లైటే ఉంటే కళ్ల కింద నీడ పడి, కాటుక పెట్టకుండానే పెట్టినట్టుంటుంది. అద్దానికి అటొకటి ఇటొకటి లైటు ఉంటే ఆ నీడ పోతుంది. మంచానికి ఎదురుగా అద్దం కూడదన్న వాస్తు మాట అందరికీ తెలిసిందే, దాన్ని విస్తరించం.

‘అద్దము’ అన్న పదానికి కవి విశేషణం వేయలేదు, మనం వేద్దాం. గాజు వెనక వెండి పూత పూసే పద్ధతిని 1835లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ కనిపెట్టాడు. ఆ పూతకు తేమంటే పడదు. బాత్రూం గోడకు ఆనించిన అద్దానికి కొన్నాళ్లకు అంచుల వెంట నల్లమచ్చలు పాకుతాయి. ఎంత తుడిచినా పోవు, అవి వెనకవి. అలాగే కొనేముందు ఒక పరీక్ష ఉంది. దుకాణం నేల మీది టైల్స్ గీతల్ని అద్దంలో చూస్తూ తల మెల్లగా అటూ ఇటూ కదపండి. గీత పాములా మెలికలు తిరిగిందంటే గాజు ఎత్తుపల్లాలుగా ఉన్నట్టే. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

పాఠాంతరం: నాలుగో పాదానికి కొన్ని ప్రతులలో “సొరుగు లున్న చాలు సుఖము కలుగు” అని ఉంది. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది, కాబట్టి ఛందోదోషం చూపి కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ పాఠాన్ని నిలబెట్టేది మా ఇంట్లోవాళ్లు. వారి వ్యాఖ్యానం ప్రకారం అద్దం చూసుకోవడం పది నిమిషాల పని, వస్తువులు దాచుకోవడం రోజంతా పని. సొరుగును పూర్తిగా బయటికి లాగి, ముందు అంచు మీద చేత్తో నొక్కి చూడాలట. ఒరిగిపోతే ఛానెల్ నాసిరకం. అడుగున పల్చటి చెక్క వేస్తే గాజుల బరువుకి ఏడాదిలో దిగజారుతుందట. ఇది శాస్త్రసమ్మతమే, ఒప్పుకున్నాను. ఆ మాటకొస్తే ఇప్పటి సొరుగుల్లో గాజులూ పిన్నులూ మాత్రమే కాదు, సగం వాడిన గోరింటాకు కోను, గ్యాసు పుస్తకం, పనిచేయని రెండు ఛార్జర్లు, ఎవరిదో తెలియని పాస్‌పోర్ట్ సైజు ఫోటో కూడా ఉన్నాయి.

పాఠాంతరం ఉన్న ఆ ప్రతి ఒక్కసారి చూపించమన్నాను. మధ్య సొరుగులో ఉందన్నారు. తాళంచెవి పై సొరుగులో ఉందట, పై సొరుగు ఇరుక్కుపోయి రావడం లేదట.