చెంచాడు ఉప్పు

నార్వే నడిమి ప్రాంతంలో, ట్రాండ్‌హైమ్ నగరానికి చేరువలో రిస్సా అనే ఊరుంది. 1978లో అక్కడొక రైతు పశువుల కొట్టాన్ని పెంచడానికి పునాది తవ్వించాడు. తవ్విన మట్టి 700 ఘనపు మీటర్లు తేలింది. దాన్ని తీసుకెళ్లి కిందనున్న బోట్న్ సరస్సు గట్టున పోశారు.

ఏప్రిల్ 29న ఆ గట్టు, దాని మీది మట్టితో సహా నీళ్లలోకి జారింది. దాని వెనక నేల విరిగింది, ఆ వెనకది కూడా విరిగింది. చివరికి పొలాలకు పొలాలే కదిలాయి. ఇళ్లు నిలబడ్డవి నిలబడ్డట్టే సరస్సు వైపు తేలిపోయాయి. ఊరివాళ్లు కెమెరాల్లో పట్టడం వల్ల ఆ దృశ్యం ఇప్పటికీ చూడొచ్చు. మొత్తం 33 హెక్టార్ల నేల జారింది. అందులో చిక్కుకున్న 40 మందిలో ఒకరి ప్రాణం పోయింది. గట్టున పోసింది 700 ఘనపు మీటర్లు, పోయింది దాదాపు 60 లక్షలు.

మొదటి దెబ్బ ఆ మట్టి బరువుదే. కానీ గట్టి నేల క్షణాల్లో జావ కావడానికి కారణం అడుగునున్న బంకమన్నులో ఉంది. దాన్ని క్విక్ క్లే అంటారు. దాని ముద్దను ప్రయోగశాల బల్ల మీద పెడితే నిలబడుతుంది, పైన బరువు పెట్టినా ఓర్చుకుంటుంది. అదే ముద్దను బీకరులో వేసి గరిటెతో కలపండి. నీళ్లు ఒక్క చుక్క కూడా పోయనక్కర్లేదు, బీకరు వంచితే ధారగా కారిపోతుంది. ఇప్పుడందులో చెంచాడు ఉప్పు వేసి మళ్లీ కలపండి. మన్ను చిక్కబడి గరిటెను పట్టుకుంటుంది.

బంకమన్ను రేణువులు కంటికి కనిపించనంత సన్నని పలకలు. వాటి మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నీటిలో ఉప్పుంటే దాని అయాన్లు ఆ తోపుడును అణచేస్తాయి. అప్పుడు పలకలు ఒకదానికొకటి ఆనుకుని పేకమేడలా నిలుస్తాయి, మధ్య ఖాళీల్లో బోలెడు నీరు దాగుతుంది. ఉప్పు పోయినా కదపనంత కాలం ఆ మేడ నిలిచే ఉంటుంది. కదిపితే కూలుతుంది, లోపలి నీరంతా బయటపడుతుంది, పలకలు మళ్లీ అతుక్కోవు. పెయింటు డబ్బాలో రంగుపొడి అడుగున గట్టిపడకుండా చూసేవారూ, చమురు బావుల్లో డ్రిల్లింగ్ మడ్డి చిక్కదనం సరిచేసేవారూ నమ్ముకునేవాటిలో ఈ ఆవేశాల లెక్క ఒకటి.

క్విక్ క్లేలో ఉప్పు కథను నార్వే శాస్త్రవేత్త రోసెన్‌క్విస్ట్ 1953లోనే, అంటే రిస్సా ప్రమాదానికి పాతికేళ్ల ముందే, ప్రచురించాడు. ఇలాంటి చదువు పార పట్టినవాడి దాకా చేరాలి. పత్రికల్లోనే నిలిచిపోతే అది ఒక్క గట్టునూ కాపాడలేదు.

ఇంతకీ ఆ నేలకు ఉప్పు ఎక్కడిది? అది ఒకప్పుడు సముద్రపు అడుగు. హిమయుగం ముగిసి మంచు బరువు తగ్గాక భూమి మెల్లగా పైకి లేచింది, ఉప్పు మన్ను ఒడ్డున పడింది.

మన కోస్తాలో ఉప్పునీరు పొలంలోకి ఎక్కిందంటే రైతు పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. రిస్సాలోనూ ఉప్పు మన్నులో గింజ పండదు. కానీ వేల ఏళ్లు కురిసిన వానలూ ఊటనీళ్లూ ఆ ఉప్పును కడిగేశాయి. పైపొర ఉప్పు పోబట్టి అక్కడ పంట పండింది, అడుగు పొర ఉప్పు పోబట్టి ఆ పంటచేను సరస్సులో కలిసింది.