బఠాణీ సంజీవని (కారపు టీకా సహితం)

మూలం:
ఎండు బఠాణీలను రాత్రంతా నానబెట్టి, తడి ఆరాక నూనెలో దోరగా వేయించి, తగినంత ఉప్పూ కారం చల్లుకుంటే కరకరలాడే కాలక్షేపం బఠాణీలు రెడీ!

అవతారిక:
ఈ వాక్యానికి కర్త లేడు. వంటల పేజీలో చదివినా, వీడియోలో విన్నా అక్షరం పొల్లుపోకుండా ఇదే. కర్త లేనిది అపౌరుషేయం. అపౌరుషేయానికి తప్పు పట్టరాదు. కాబట్టి చెయ్యి కాలితే తప్పు కాలినవాడిదే.

మల్లినాథ సూరి ఇంటిపేరు కోలాచలం; మెదక్ జిల్లా కొల్చారమే ఆ ఊరంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి ఆయన కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే టీక రాశాడు. మేము అలాంటి మాట ఇవ్వడం లేదు.

టీక:
ఎండు బఠాణీలను: స్పష్టం. రాత్రంతా నానబెట్టి: ఇదీ స్పష్టమే.

తడి ఆరాక: ఇది మరీ స్పష్టమని మూలం చెప్పేవాళ్ళ నమ్మకం. 11వ శతాబ్దంలో భోజరాజు యోగసూత్రాలకు రాజమార్తాండం రాస్తూ మొదట్లోనే టీకాకారులను దులిపేశాడు. అర్థంకాని చోట ‘స్పష్టం’ అని దాటేస్తారట, తేలికైన చోట సమాసాలు విప్పుతూ కూర్చుంటారట. వంటల వీడియోలు రాకముందే వాటికి పడిన అక్షింతలివి. బఠాణీలో మాంసకృత్తులు, పీచు పదార్థం, పూర్వీకుల దూరదృష్టి – వీటికి నాలుగు నిమిషాలు. గింజ పేలి మొహం మీదికి రాకుండా ఏం చెయ్యాలో చెప్పడానికి రెండే మాటలు: తడి ఆరాక.

ఏ తడి? పైతడా, లోతడా? పైతడి పాత పంచె మీద పరిచి ఫ్యాను కింద పెడితే గంటలో పోతుంది. లోతడి సంగతేమిటి? రాత్రంతా నానిన గింజ ఇంచుమించు తన బరువంత నీళ్ళు తాగి ఉంటుంది. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుంది. మూకుట్లో నూనె 170 డిగ్రీల మీద ఉంటుంది. తోవ దొరకని ఆవిరి తొక్క చించుకుని బయటపడుతుంది. పడుతూ పడుతూ కాస్త నూనెను మన మణికట్టుకు చేరుస్తుంది. పైన చిల్లుల మూత పెట్టమని ఒక్క ముక్క చెబితే ఏ వేదానికి లోపం?

వేయించి: వేయించడం అనగానే యోగశాస్త్రం గుర్తుకు రాక తప్పదు. జ్ఞానాగ్నిలో వేగిన క్లేశాలు వేగిన విత్తులాగే మళ్ళీ మొలవవంటారు. వ్యాసభాష్యం ఇక్కడ వడ్లగింజను ఉదాహరణకు తెచ్చింది: ఊక ఉండి, వేగకుండా ఉంటే మొలుస్తుంది, ఊక ఊడినా, వేగినా మొలవదు. వడ్ల స్థానంలో బఠాణీని పెడితే శాస్త్రం ఇరుకున పడుతుంది. బఠాణీ తొక్క ఊడినా మొలవగలదు. బద్దలై పప్పయ్యాకే ఆశ వదులుకోవాలి. అదీగాక, నానబెట్టడమంటే మొలకెత్తమని పిలవడమే. రాత్రి ఆశపెట్టి తెల్లారి మూకుట్లో తోస్తున్నాం. ఇది మోక్షమా, మోసమా?

బట్టీవాళ్ళకు ఈ సందేహం లేదు. మంగలంలో ఇసుక కాలుతుంది, అందులో గింజలు పడతాయి. నూనె గింజను తడిపి జిడ్డు మిగులుస్తుంది. ఇసుక గింజను అన్నివైపులా ఒకే తీరున కాచి, జల్లెడ పట్టగానే కిందికి రాలిపోతుంది. వేడంతా ఇచ్చి, దేనికీ అంటుకోకుండా, తర్వాతి వాయికి సిద్ధంగా ఉంటుంది. కనుక ఇక్కడ జీవన్ముక్తి పొందింది గింజ కాదు, ఇసుక. దీని మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాయదగును. ప్రస్తుతం నూనె కాగుతోంది.

దోరగా: ఉల్లిపాయకైతే ఇది రంగు. పచ్చ బఠాణీకి రంగు చూసి దోర తేల్చడం బ్రహ్మతరం కాదు. చూడాల్సింది బుడగల్ని. గింజలు వేయగానే నూనె నురగలు కక్కుతుంది. లోపలి నీరు పోయినకొద్దీ నురగ తగ్గుతుంది, గింజలు పైకి తేలతాయి, గరిటె తగిలితే గలగలమంటాయి. అప్పుడు తియ్యాలి. మంట మధ్యస్థం, వాయికి గుప్పెడు. తొందరపడితే పైన ఎర్రన, లోపల పచ్చి. చల్లారాక అది రాయి. ఆ రాయి కొరికి పన్ను విరిగితే ఫీజు ఎవరిస్తారు? వీడియో చివర గంట నొక్కమన్నవారా?

తగినంత: పూర్వపక్షం – నాలుకలు వేరు కనుక కొలత కుదరదు. సిద్ధాంతం – నాలుకే ప్రమాణమైతే మూలమెందుకు? పావుకిలో ఎండు బఠాణీలకు చెంచా ఉప్పు, చెంచాన్నర కారం అని మొదలుపెట్టండి. పెంచుకోవడం, తగ్గించుకోవడం మాకు వచ్చు.

చల్లుకుంటే: ఎప్పుడు? గింజ మీద నూనె మెరుపు, వేడి ఉండగానే. చల్లారాక చల్లితే ఉప్పంతా గిన్నె అడుగున, చప్పిడంతా నోట్లో. పోనీ అని మూకుట్లోనే కారం వేస్తే మాడి, పక్క వాటాలో కూడా దగ్గులు.

రెడీ: దీనితో మూలం సమాప్తం. పొయ్యి గట్టు మీద చిందిన నూనె, సింకులో జిడ్డు మూకుడు, గదినిండా పాకిన తొక్కలు మూలంలో లేవు. అవి ఎవరి వంతో తేల్చడానికి మా ఇంట్లో టీక అక్కర్లేదు. మా ఆవిడ చూపే చాలు.

తాత్పర్యం:
కొట్లో పొట్లం పది రూపాయలు.