కొల్లేటి కటాక్షము

రాజకీయములవలన బీదల బ్రతుకులు మారవనియు, ప్రభుత్వ విధానములు కాగితములకే గాని కడుపులకు కావనియు తాడేపల్లిగూడెములో ఉల్లిపాయల బస్తాలకు చేరగిలబడి ఒక పెద్దమనిషి నాకు అరగంటసేపు ఉపదేశించినాడు. పాపము, ఆయన కొల్లేరు చూచినట్లు లేదు. ఏలూరులో రైలు దిగి దక్షిణముగా లంకగ్రామములకు పోయినవాడెవడును ప్రభుత్వమునకు శక్తి లేదని పలుకజాలడు. ముప్పది యేండ్లలో ఒకే ఇంటివానిని జాలరిని చేసి, ఆసామిని చేసి, ఆక్రమణదారుని చేసి, తుదకు కావలివానిని చేసిన శక్తి మరి దేనికి కలదు?

తాటిదోనెపై తిరిగి, మావులు పన్ని, కొర్రమేను దొరికిననాడు తిని, దొరకనినాడు నీళ్ళవంక చూచుచు కూర్చుండు లంకలవారిపై ఏలినవారికి 1976లో దయ గలిగి, సహకార సంఘములు పెట్టించి, సరస్సు గర్భమునందే చేపల చెరువులకు చోటిచ్చిరి. చెరువునకు గట్టు కావలెను, గట్టునకు యంత్రము కావలెను, చేపకు తవుడును చెక్కయు కావలెను. ఇన్నిటికిని పెట్టుబడి కావలెను. ఆ పెట్టుబడి గల మహనీయుడు జాలరిగా పుట్టుటకు నోచుకొనలేదు గనుక లీజుదారుడై తృప్తిపడినాడు. కాగితముమీది పేరు జాలరిది. చేప మాత్రము మంచుగడ్డల నడుమ లారీనెక్కి కలకత్తాకు పోయినది.

పిదప 1999లో దయ గూడబాతులవైపు మళ్ళినది. సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తున గీచిన కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనవి. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కి కొల్లేటికి అంతర్జాతీయ కీర్తియు అబ్బినది. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞను శిరసావహించి, యంత్రములతోను మందుగుండుతోను గట్లు తెగగొట్టిరి. లీజుదారుడు నష్టము లెక్కవ్రాసికొని ఊరికి పోయినాడు. లంకవానికి పోవుటకు వేరే ఊరు లేదు.

రెండేండ్లు తిరుగకుండగనే, 2008లో, కాంటూరును ఐదునుండి మూడునకు దింపవలెనని శాసనసభ ఏకగ్రీవముగా తీర్మానించినది. దానితో 308 కాస్తా 135 అగునట. బుడమేరును తమ్మిలేరును ఆ సభకు పిలువకపోవుటచే వాటికి ఈ సంగతి నేటికిని తెలియదు. వానలు పడగానే పాత అలవాటు చొప్పున వచ్చి కొల్లేటిలో పడి, సముద్రమునకు ఉప్పుటేరొక్కటే దారి గనుక, దారి దొరకువరకు ఇండ్లలో విడిది చేయుచున్నవి. ఐదవ కాంటూరే ఉండవలెనని 2011లో కేంద్రము వేసిన అజీజ్ సంఘము చెప్పినది. సంఘమును వేయుట యొక విధానము, దాని మాటను బీరువాలో పెట్టుట మరియొక విధానము. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల కాంటూరు దిగును. ఓట్లు లెక్కింపగానే మరల ఎక్కును.

తెగిన గట్లు కొన్ని యెట్లో మరల లేచినవి. అట్టి గట్టొకదానిపై టార్చిలైటు సరిచూచుకొనుచున్న ఒకాయనను, మూడవ కాంటూరు వచ్చిన మీకేమి కలిసివచ్చునని యడిగితిని.

“ఈ చెరువు మా సొసైటీదేనండి. కాయితంలో మా నాన్న పేరు కూడా ఉందండి.”

“మరి ఈ టార్చిలైటేమిటి?”

“దొంగలు పడకుండా రాత్రిళ్ళు కాపలా ఉంటే నెలకింతని ఇత్తారండి.”

దొంగలెవరని యడుగబోవునంతలో గట్టు మొదట మోటారుసైకిలు చప్పుడైనది. ఆయన తలగుడ్డ విప్పి చేతబట్టుకొని అటు పరుగెత్తినాడు.