బూటు విప్పితే బజారు ఖాళీ

కాళ్ల కంపు ఊరికే రాదన్నా. దాన్ని పెంచాలి. బర్రెను పెంచినట్టే వేళకు మేత వెయ్యాలి, గాలి దూరని కొట్టం కట్టాలి, ఒక్కపూట కూడా అశ్రద్ధ చెయ్యకూడదు. పొద్దున ఏడింటికి మార్కాపురంలో బూట్లు తొడిగి, తర్లుపాడు, కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు తిరిగి, రాత్రి తొమ్మిదింటికి విప్పే మందుల రెప్పులకూ, ఫైనాన్సు వసూళ్ల కుర్రాళ్లకూ, కానిస్టేబుళ్లకూ ఈ పెంపకం ఒకరు నేర్పనక్కర్లేదు. తక్కిన మగవాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలు. ఆడవాళ్లు చదవక్కర్లేదు. రోజూ కాళ్లు కడుక్కునేవాళ్లకు ఈ విద్య అబ్బదు.

ముందు మేత సంగతి. రెండు పాదాలకూ కలిపి సుమారు 2,50,000 చెమట గ్రంథులుంటాయి. చెమటకు సొంతంగా వాసన లేదు. మన చర్మం మీదే కాపురముండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే సూక్ష్మజీవి ఆ చెమటలోని ల్యూసిన్‌ను తిని ఐసోవాలెరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. బూటు విప్పగానే ముక్కును గుద్దే ఆ పులిసిన కంపు ఎక్కువగా దానిదే. బ్రెవిబాక్టీరియం అని ఇంకొకటి ఉంది, అది చచ్చిన చర్మాన్ని మేస్తుంది. దాని దాయాదితోనే ఐరోపాలో లింబర్గర్ అనే జున్ను తయారుచేసి డబ్బులిచ్చి మరీ కొనుక్కు తింటారు. మనిషి కాళ్ల మీద వాలే ఆఫ్రికా మలేరియా దోమ ఈ జున్ను మీదికీ ఎగబడుతుందని బార్ట్ నోల్స్ అనే శాస్త్రవేత్త బృందం 1996లో చూపించింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా ఆయనకు 2006లో వచ్చింది. అంటే మీ కాళ్ల దగ్గర ఉన్నది మామూలు సరుకు కాదు. దాన్ని కడిగి మోరీలో పొయ్యకండి.

అసలు కడగడమనే దురలవాటు ఎక్కడ మొదలైందో గాని, మన ముసలివాళ్లకు మరీ ఎక్కువ. బయటి నుంచి వస్తే గడపలోనే చెంబుతో నీళ్లిచ్చేవాళ్లు. మడమ తడవకపోతే శని పడుతుందని బెదిరించేవాళ్లు. భారతంలో నలమహారాజు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చాడట. పన్నెండో ఏట దాకా సందు కోసం కాచుకున్న కలిపురుషుడు అప్పుడు దూరాడు. రాజ్యం పోయింది, పెళ్లాన్ని అడవిలో వదిలేశాడు. మీకేం భయం? మీకు రాజ్యం లేదు.

మీకో తిరుగులేని సాకుంది. నీళ్లు. మన మార్కాపురం వైపు ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే చోట, కాళ్లకు నీళ్లు తగలేస్తావా అంటే ఎవరూ నోరెత్తలేరు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నీళ్లు తెచ్చేందుకు నల్లమల కింద ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైబడిన సొరంగాలు రెండు. ఆ నీళ్లు మీ వీధి కుళాయిలోకి దూకిన రోజు కాళ్లు కడుక్కుంటానని ఒట్టు పెట్టుకోండి. రెండు చెంబుల నీళ్లూ చిటికెడు సబ్బూ చాలు కదా అని ఇంట్లోవాళ్లు అంటే, ఆ బిందె మోసుకొచ్చింది కూడా వాళ్లేనన్న సంగతి గుర్తురానట్టు పేపరు తిప్పండి. పెళ్లినాడు కన్యాదానంలో మామగారు పళ్లెంలో పెట్టి కడిగారు గదా, ఆ కడుగుడు జీవితానికి సరిపోతుంది.

ఒకవేళ పొరపాటున కడిగారే అనుకోండి, తుడవకండి. వేళ్ల సందుల్లో తడి ఉండగానే సాక్సులు ఎక్కించండి. అదీ నైలాన్‌ది. నూలు సాక్సులు చెమట పీల్చి మన కష్టాన్ని బూడిదలో పోసేస్తాయి. నిన్నటి సాక్సుల్ని మంచం కోడు మీద ఆరేసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, “పర్లేదు, ఇంకో రోజు వస్తాయి” అనుకోవడం మన జాతీయాచారం. దాన్ని వదలొద్దు.

ఇప్పుడు కొట్టం, అంటే బూటు. ఒకే జత ఉండాలి. రెండు జతలుంటే ఒకటి తొడిగినప్పుడు ఇంకొకటి ఆరిపోతుంది, లోపలి మంద మలమల మాడి చస్తుంది. దినమంతా చెమట తాగిన బూటు పూర్తిగా ఆరాలంటే ఒక రాత్రి చాలదు. ఆ సంగతి మనకు అనుకూలం. తోలువి కాకుండా రెక్సిన్‌వి కొనండి. విప్పగానే సాక్సుల్ని ఉండచుట్టి లోపలే కుక్కి, తలుపున్న అలమరలో పెట్టి గడియ వెయ్యండి. ఎండలో మాత్రం పెట్టకండి. ఢిల్లీ దగ్గరి శివ్ నాడార్ విశ్వవిద్యాలయంలో వికాశ్ కుమార్, సార్థక్ మిత్తల్ అనే ఇద్దరు, హాస్టలు వరండాల బూట్ల కంపు చూసి 149 మంది విద్యార్థులను వాకబు చేసి, కైటోకాకస్ సెడెంటేరియస్ అనే సూక్ష్మజీవిని చంపేందుకు అతినీలలోహిత దీపం అమర్చిన బూట్ల అలమర రూపకల్పన చేశారు. వాళ్లకూ 2025లో ఇగ్ నోబెల్ వచ్చింది. దీపం కింద మరీ ఎక్కువసేపు పెడితే రబ్బరు కాలిన వాసన వస్తుందట. మనకా, మార్చి నుంచే మిద్దె మీద నిలబడలేనంత ఎండ. నాపరాళ్ల మీద అరపూట బోర్లించకుండా పక్కకు పెడితే చాలు. బిల్లు రాని సూర్యుణ్ణి వాడుకోకపోవడానికి గొప్ప నిగ్రహం కావాలి.

పౌడరు గురించి అడుగుతారు. తప్పక వాడండి, కడగని కాలి మీద గుప్పెడు. చెమటతో కలిసి మధ్యాహ్నానికి పిండిముద్దలవుతుంది. బూట్లో సెంటు కొట్టండి, మల్లెతోటలో ఎలుక చచ్చినట్టుంటుంది. మంగలిషాపులో గడ్డం గీశాక రాసే పటిక ఉంది చూడండి, అది నీళ్లలో కరిగించి కాళ్లు ముంచితే చెమట పట్టు తగ్గుతుంది. ఆ రాయిని షాపులోనే ఉండనివ్వండి. చిక్కని టీ డికాక్షన్ చల్లార్చి అరగంట కాళ్లు పెడితే అందులోని టానిన్లు చర్మాన్ని బిగిస్తాయంటారు. టీ తాగడానికే గదా కనిపెట్టింది!

ఒక్క ప్రమాదం ఉంది, చెప్పి తీరాలి. కార్తీకమాసం. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చెప్పుల్లేకుండా నడక, రెండు పూటలా చన్నీళ్ల స్నానం. పది రోజులకే కాళ్లు ముఖం కంటే శుభ్రంగా తయారవుతాయి, ఏళ్ల తరబడి పెంచినదంతా గాలికి పోతుంది. కంగారుపడకండి. మాల తీసిన మర్నాడే అలమరలో పదిలంగా దాచిన పాత బూట్లను అలాగే తొడగండి. వారం తిరక్కుండా మంద మొత్తం తిరిగొస్తుంది. దానికి కారణం స్వామి మహిమ అని మాత్రం అనొద్దు.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెడతాను. అరికాలిలో సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు పడినా, వేళ్ల సందులు ఒరిసి తెల్లగా నానినట్టున్నా, దానికి పూతమందులున్నాయి, చర్మ డాక్టరుకు చూపించండి. షుగరున్నవాళ్లు డికాక్షన్లూ వేణ్ణీళ్లూ ప్రయోగాలు చెయ్యొద్దు. కాళ్లు మొద్దుబారితే పుండు పడినా తెలియదు. అయింది, మళ్లీ పాఠంలోకి.

ఈ విద్య ప్రదర్శించడానికి గుంటూరు–గుంతకల్లు లైనును మించిన వేదిక లేదు. దొనకొండ దాకా ఓపిక పట్టండి. కంభం దాటాక బూట్లు వదులు చెయ్యండి. గిద్దలూరులో ఎక్కినవాళ్లు సర్దుకుని కూర్చోగానే పూర్తిగా విప్పి కాళ్లు ఎదుటి సీటు మీదికి చాపండి. దిగువమెట్ట దాటి బండి నల్లమలలో సొరంగంలోకి దూరగానే చీకట్లో ఒక గొంతు లేస్తుంది: “ఏందబ్బా, యాడన్నా ఎలుక చచ్చిందా?” మీరే ముందుగా “అవునబ్బా, నేనూ అదే చూస్తున్నా” అనాలి. వెలుతురు వచ్చేసరికి కాళ్లు సీటు కిందికి పోవాలి.

ఇంత చెప్పినా లాభమేంటని అడిగేవాళ్లుంటారు. మా బామ్మర్ది పెళ్లే చూడండి. సినిమాలు చూసి ఈమధ్య మరదళ్లు పెళ్లికొడుకు బూట్లు దాచి అయిదు వేలు, పది వేలు గుంజుతున్నారు గదా. వీడివీ దాచారు. తలంబ్రాలు అయ్యేలోపలే, ఎవరూ అడక్కుండానే, ఒక పిల్ల చెంగు ముక్కుకు కట్టుకుని కర్రకొనకు తగిలించి తెచ్చి మండపం మెట్ల కింద పెట్టి వెళ్లిపోయింది. రూపాయి ఇవ్వలేదు. కుడి బూట్లో పటిక ముక్క ఒకటి ఉంది.