అడుగు చుక్క: ఒక సెల్‌ఫోను పద్యానికి టీకా

పాత ఫోను నిచ్చి పట్టుకో కొత్తది
సున్న వడ్డి కంతు సులభమయ్య
ఎంచ నెలకు దినము లిరువదెనిమిదియే
అంతులేని డేట కడుగు చుక్క

అవతారిక. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు కూతవేటు దూరంలో ఒక మొబైల్ షాపు. కౌంటర్ వెనక గోడకు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి అతికించిన పద్యం ఇది. కర్త ఆ షాపులో పనిచేసే పిల్లగాడు, ఎనిమిదో తరగతిలో నా దగ్గర ఛందస్సు నేర్చుకున్నవాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మందిని పోగుచేసి గోలకొండ కవుల సంచిక తెచ్చారు. మా వాడు తొంభై ఏండ్లు ఆలస్యంగా పుట్టాడు కానీ, లేకుంటే 355 అయ్యేది.

నా ఫోను బ్యాటరీ ఉబ్బి, వెనక మూత పూరీలాగా లేచింది. కొత్తది తీసుకుందామని పోతే వాడు ఫోన్లు చూపించలేదు. "సార్, ముందుగాల పద్యం జూడుండ్రి. యతి సరిపోయిందా?" అన్నాడు. వేళ్ల మీద లెక్క పెట్టాను. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. మళ్ళీ అయిదు సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి నాలుగు పాదాల్లోనూ కుదిరింది. ఛందస్సులో ఒక్క దోషం లేదురా, దోషాలన్నీ అర్థంలోనే ఉన్నాయన్నాను. "అర్థం కంపెనోళ్లది సార్. పద్యమే నాది" అన్నాడు.

అర్థం ఒకరిది, పద్యం ఇంకొకరిది అయినచోట వ్యాఖ్యాత అవసరం పడుతుంది. మెతుకుసీమ కొలిచెలమ నుంచి వచ్చిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు టీకాలు రాశాడు. ఆయన అదృష్టవంతుడు. కాళిదాసు కింద సన్నక్షరాల్లో షరతులు రాయలేదు. ఈ పద్యానికి ఆ ఒట్టు పనికిరాదు. ఇందులో కావలసిందంతా మూలంలో లేనిదే.

మొదటి పాదం. "ఇచ్చి" అనేది క్త్వార్థకం. ముందు జరిగే పనిని చెబుతుంది. ముందు ఇవ్వడం, తర్వాత పట్టుకోవడం. ఈ రెంటి నడుమ ఒక ఘడియ సేపు మనిషి చేతిలో ఏ ఫోనూ ఉండదు. పాతదానిలోని ఫోటోలు, బ్యాంకు యాప్‌లు, మనుమరాలి మాటలు కొత్తదానిలోకి చేరాయా, పాతదానిలో చెరిగాయా అన్నది ఆ ఘడియలోనే చూసుకోవాలి. మా చిన్నప్పుడు వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు వాడకట్టుకు వచ్చేవాళ్లు. ఇప్పుడు పాత ఫోన్లకు ప్లాస్టిక్ టబ్బులిస్తామని వస్తున్నారు. అట్లా ఊళ్లల్లో పోగేసిన ఫోన్లను సైబర్ మోసగాళ్లకు చేరవేసే ముఠాను 2024లో రామగుండం పోలీసులు పట్టుకున్నారు. వెంట్రుకలు ఇచ్చినప్పుడు తల ఇవ్వలేదు. ఫోను చెరపకుండా ఇస్తే తల ఇచ్చినట్టే.

"కొత్తది". విశేష్యం లేని విశేషణం. కొత్తది అంటే ఏది? కవి చెప్పలేదు కాబట్టి కౌంటర్ చెబుతుంది. అట్టపెట్టె మీద "8+8 రామ్" అని ఉంది. ఇది ద్వంద్వ సమాసం కాదు. మొదటి ఎనిమిది నిజమైనది, రెండో ఎనిమిది నిల్వ జాగలోంచి చేబదులు తెచ్చుకున్నది. ఒకటి కన్నకొడుకు, ఇంకొకటి ఇల్లరికం అల్లుడు. పని ఎక్కువైనప్పుడు ఎవరు నిలుస్తారో చెప్పనక్కరలేదు. యాభై మెగాపిక్సెల్ కెమెరా కూడా మామూలుగా నాలుగేసి చుక్కలను ఒకటిగా కలిపి పన్నెండున్నరగానే ఫోటో తీస్తుంది. అయినా ఎండాకాలం నల్లగొండ బస్టాండులో నలభై నాలుగు డిగ్రీలకు ఫోను కాలి, కెమెరా తెరవనని మొరాయించిన రోజు యాభై అయితేనేమి, అయిదైతేనేమి. పెట్టె మీద పెద్దగా రాయనిదీ, అడిగి తెలుసుకోవలసిందీ ఒకటుంది: సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేండ్లు ఇస్తారని. అడిగితే మా వాడు పద్యం దిక్కు చూశాడు. దానికి ఇంకా గణాలు కుదరలేదట.

రెండో పాదానికి ఒక పాఠాంతరం చెప్పాలి. "కంతు" అని రాశావేందిరా, మనం కిస్తు అంటం గదా అన్నాను. "మనం" అనే మాట వాడికి నచ్చింది. అక్కడికక్కడే కొట్టేసి "సున్న వడ్డి కిస్తు" అని దిద్దాడు. గురువు, లఘువు, సూర్యగణం చెక్కుచెదరలేదు. పైగా కిస్తు అనగానే నిజాం కాలంలో భూమిశిస్తు కిస్తుల్లో భయంభయంగా కట్టిన తాతలు కళ్లల్లో మెదిలారు. కంతుకు ఆ భయం లేదు.

ఇక "సున్న". తెలుగులో సున్నలు రెండు, నిండు సున్న, అరసున్న. నిండు సున్న పలుకుతుంది. అరసున్న పాత పుస్తకాల్లో ఉంటుంది, నోట పలకదు. సున్న వడ్డిలోని సున్న అరసున్న అని నా సిద్ధాంతం. వడ్డీ ఉంటుంది, ఎవరూ పలకరు. దీనికి ప్రమాణం వెతుక్కుంటూ పోతే రిజర్వు బ్యాంకు దగ్గర దొరికింది. సున్నా శాతం వడ్డీ అనే మాటకు ఉనికే లేదని 2013 సెప్టెంబరులోనే అది బ్యాంకులకు రాసింది. అప్పటినుంచి బోర్డుల మీద పేరు మారి "నో కాస్ట్" అయింది.

అన్వయం ఇట్లా. ఫోను ధర 18,000. ఆరు కిస్తులు, ఒక్కొక్కటి 3,000. కూడితే 18,000. వడ్డీ ఏదీ? ఏడాదికి 15 శాతం అనుకుందాం. బ్యాంకు నిజంగా అప్పిచ్చేది సుమారు 17,240. మిగిలిన 760 వడ్డీ. ఆ 760 నీకు డిస్కౌంటు ఇచ్చామని కాగితం మీద రాసి, అదే చేత్తో వడ్డీ కింద రాసుకుంటారు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేవాడు బేరమాడితే దొరకగలిగిన తగ్గింపు ఇదే. క్రెడిట్ కార్డు మీదయితే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ, అంటే మరో 137, నీ చేతిదే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. కవి "సులభమయ్య" అన్నాడు, నిజమే, సులభమే. ఉచితమని ఎక్కడా అనలేదు. మా వాణ్ని ఈ విషయంలో తప్పుపట్టలేను. సున్నకూ సులభానికీ యతిమైత్రి కుదర్చడం వరకే వాడి పని.

ఇంత తెలిసీ నేను కిస్తులకే కొన్నాను. రొక్కానికి ఎంత తగ్గిస్తవురా అంటే వాడు యజమాని ముఖం చూశాడు, యజమాని సీలింగు ఫ్యాను చూశాడు.

మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. ఇక్కడ ఫోను ఉచితమే, మామయ్యా అని మురిసిపోయాడు. విప్పి అడిగితే, ధరను 36 నెలలకు పంచి ప్రతి నెలా బిల్లులో వేస్తారు, ప్రతి నెలా అంతే తీసేస్తారు. నడుమల కంపెనీ మారితే తీసేయడం ఆగిపోతుంది, వేయడం ఆగదు. అర్థమైంది. ఉగాదికి ఉగాదికి జీతం కుదుర్చుకునేవాడు నయం, ఏడాదికి బయటపడేవాడు. మన దగ్గర అంత కట్టడి లేదు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారవచ్చు. పోర్ట్ అని, పక్కన మన నంబరు రాసి 1900కు మెసేజ్ పెడితే మొదలవుతుంది. కానీ మనల్ని కట్టేసేది వేరే ఉంది. అది మూడో పాదం.

"ఎంచ నెలకు దినము లిరువదెనిమిదియే". ఎంచగా, అంటే లెక్కించి చూడగా. ఎంచనివాళ్లకు నెల నెలలాగే ఉంటుందని ధ్వని. పండితులారా, మన శాస్త్రంలో మాసాలు నాలుగు. సూర్యుడు ఒక రాశిలో ఉండే కాలం సౌరమాసం, ముప్పై రోజుల పైచిల్లర. అమావాస్య నుంచి అమావాస్య చాంద్రం, ఇరవై తొమ్మిదిన్నర. ముప్పై సూర్యోదయాలు సావనం. చంద్రుడు బయల్దేరిన నక్షత్రానికే మళ్లీ చేరితే నాక్షత్రం, ఇరవై ఏడు మీద కొంచెం. ఇరవై ఎనిమిది రోజుల నెల ఈ నాలుగింటిలో ఏదీ కాదు. అయిదోది కనిపెట్టవలసి వచ్చింది. రీచార్జిమానం.

చాంద్రమానానికీ సౌరమానానికీ పొత్తు కుదరక పంతొమ్మిదేండ్లలో ఏడు అధిక మాసాలు వేసుకున్నారు పెద్దలు. రీచార్జిమానంలో ఏటేటా ఒక అధిక మాసం తప్పదు. 365ని 28తో భాగించండి, పదమూడు. జియోలో 239 రూపాయల 28 రోజుల ప్యాకు 2024 జూలైలో 299 అయింది. 299ని పన్నెండుతో హెచ్చిస్తే 3,588, పదమూడుతో అయితే 3,887. ఆ పదమూడో నెలలో పెండ్లిళ్లుండవు, పండుగలుండవు, జీతం రాదు, పింఛను రాదు. రీచార్జి మాత్రం వస్తుంది. 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలుగజేసుకుని, ప్రతి కంపెనీ ముప్పై రోజులది ఒకటైనా, ప్రతి నెలా అదే తేదీకి వచ్చేది ఒకటైనా పెట్టాలంది. పెట్టారు. దేవుడి గదిలో మూలకు పెట్టిన విగ్రహంలాగా పెట్టారు. అడిగినవాళ్లకు దర్శనం.

యతి విశేషం. ఈ పాదంలో యతిస్థానం సరిగ్గా "ఇరువది" మీద పడింది. యతి అంటే ఆగేచోటు అని కదా. సిమ్ము కూడా అక్కడే ఆగుతుంది. కవికి తెలిసి చేశాడో లేదో కానీ ఇది మహాకవులకు కూడా ఎప్పుడో గాని పట్టుబడదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. మా అత్తమ్మది పాలమూరు దిక్కు పల్లె. ఆమెకు బటన్ల ఫోను. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఏ డ్యాం దగ్గరైనా, ఏ కాలువ దగ్గరైనా తెలుసు. ముంబయికి, పుణెకు పోయిన కొడుకులు చేరుకున్నామని ఒక్క రింగు ఇచ్చి పెట్టేసే కాలం ఆమెకు బాగా గుర్తు. ఆ రింగుకు పైసా ఖర్చు లేదు. 2005 చివర్లో లైఫ్‌టైం అని ఒకటి వచ్చింది. 999 కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ అన్నారు. ఎవరి జీవితం అన్నది తర్వాత తేలింది, కంపెనీ లైసెన్సు జీవితం. 2018 చివర్లో ఆ ముచ్చటా తీరింది. కనీస రీచార్జి లేకుంటే వచ్చే ఫోను కూడా రాదన్నారు. అంటే కొడుకు మాట వినడానికి తల్లి పైసలు కట్టాలి. డేటా అంటే ఏందో తెలియని ఆ ముసలావిడ ఏండ్ల తరబడి డేటా కొన్నది. చివరకు 2024 డిసెంబరులో ట్రాయ్ మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే వేరే ప్యాకులు ఉండాలని, వాటికి ఏడాది వరకు గడువు ఇవ్వవచ్చని నియమం తెచ్చింది. 2025 జనవరిలో 84 రోజులకు జియో 448, ఎయిర్‌టెల్ 469 పెట్టాయి. ఈ సంగతి చెబితే అత్తమ్మ సంతోషపడుతుందనుకున్నాను. "మాట్లాడనీకె గిన్ని పైసలా, బిడ్డా?" అన్నది. మల్లినాథుడు తన టీకాకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. చచ్చిన సిమ్మును లేపే ఆ ప్యాకుకు నేను అదే పేరు పెట్టాలనుకున్నాను. ఆమె మాట విన్నాక పెట్టలేదు.

నాలుగో పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. "అంతులేని డేట కడుగు చుక్క". డేటాకు అడుగున, అంటే ఫ్లెక్సీ మీద అపరిమితం అన్న మాట కింద, చిన్న చుక్క గుర్తు ఉంటుందని వాచ్యార్థం. చుక్క దగ్గర షరతులు. రోజుకు ఒకటిన్నర జీబీ. అది అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంతు లేదన్న మాట అబద్ధం కాదు. మా దిక్కు బోర్లు ఎండాకాలం వట్టిపోయినా పైపు మూతికి ఒక చుక్క వేలాడుతూనే ఉంటుంది. ఆ నీళ్లకూ అంతు లేదు.

అందువల్ల "చుక్క"కు రెండో అర్థం బొట్టు. బొట్టు బొట్టుగా దిగే డేటా. మూడో అర్థం నల్లగొండలో ఎవరికీ చెప్పనక్కరలేదు. సాయంత్రం పూట వేసుకునేది. డేటా నిలిచిపోయి వీడియో తిరుగుతూ తిరుగుతూ ఉంటే దాని అవసరం కూడా పడుతుందని కొందరు వ్యాఖ్యాతలు. నాకు ఆ అనుభవం లేదు కాబట్టి ఖండించను, సమర్థించను.

"అడుగు"లోనూ శ్లేష ఉంది. అడుగున ఉన్నది అనీ, అడుగు, అంటే ప్రశ్నించు అనీ. డేటా సంగతి చుక్కను అడుగు. అపరిమిత 5జీ ఏ ప్యాకుకు వస్తుందో చుక్కకే తెలుసు. 2024 జూలై తర్వాత జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకు 2 జీబీ ఇచ్చే ప్యాకులకూ ఆపైవాటికీ మాత్రమే అది ఇచ్చాయి. 5జీ ఫోను కొని ఒకటిన్నర జీబీ ప్యాకు వేసుకున్నవాడు ఎడ్లు లేకుండా కచ్చడం కొన్నవాడు. ఎడ్లున్నా బాట ఉండాలి కదా. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలని నీడ ఒకటి లింగం మీద పడుతుంది. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా ఇంట్లో సిగ్నల్ గీతలు కూడా అట్లాగే పగలంతా ఒకటి దగ్గరే కదలకుండా ఉంటాయి. ఎవరూ చూడరావడం లేదు.

శిష్యుడికి ఈ శ్లేషలన్నీ విప్పి చెప్పాను. నోరు తెరిచి విన్నాడు. "సార్, నేను ఒక్క చుక్కనే అనుకోని రాసిన. గిన్ని చుక్కలున్నయా?" అన్నాడు. కవులు ఎప్పుడూ అంతే. తర్వాత పెట్టె మీది పదిహేను అంకెల ఐఎంఈఐ, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే తెర మీద వచ్చిన అంకెలు, బిల్లు మీద రాసినవి మూడూ నా చేత చదివించాడు. ఒకప్పుడు వాడి చేత నేను ఎక్కాలు ఒప్పజెప్పించుకున్నట్టు.

ఇది నల్లగొండ పురవాస్తవ్యుడు, సర్కారు బడిలో పూర్వ తెలుగు పండితుడు, ఆరు కిస్తులలో రెండవది కట్టి, ఎంచగా రీచార్జి గడువు ఇంకను మూడు దినములు ఉండగా రచించిన అడుగుచుక్క వ్యాఖ్యయందు ప్రథమ పద్యము. ద్వితీయ పద్యమును స్క్రీన్ గార్డు, ఇన్సూరెన్సుల మీద శిష్యుడు రాయుచున్నాడు. యతి ఒక్కటే కుదరలేదట.